లినక్స్ ఎక్కించే ముందు డిస్కు ఎలా పంచుకోవాలి

ఈమధ్య ఒడిశా పర్లాకిమిడిలో మా షాపుకి పాత సిస్టమ్‌లు తెగ వస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వీటి మీద ఎక్కనంటోంది. కొత్తది కొనాలంటే డబ్బు, పాతది పారెయ్యాలంటే మనసు రాదు. అప్పుడు విండోస్ బదులు ఎక్కించుకునే లినక్స్ గుర్తొస్తుంది. ఇటు గుణుపురం, కాశీనగరం నుంచి వచ్చినా, అటు ఆంధ్రా బోర్డరు దాటి పాతపట్నం, మెళియాపుట్టి నుంచి వచ్చినా, బల్ల మీద సీపీయూ పెట్టి అడిగేది మాత్రం ఒకటే: "సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు చేసి ఇచ్చెయ్యి బాబూ, పాతదాన్లో ఉన్నట్టే."

లినక్స్‌లో సీ, డీ ఉండవు. స్లాష్ (/) గుర్తుతో రాసే రూట్ అనే ఒకే ఒక ఫోల్డరు ఉంటుంది, మిగతావన్నీ దాని కిందే. రెండో డిస్కు తగిలించినా, పెన్‌డ్రైవ్ పెట్టినా అది ఆ రూట్ కింద ఎక్కడో ఒక ఫోల్డరులా కనిపిస్తుంది. అలా తగిలించడాన్నే మౌంట్ చేయడం అంటారు. కాబట్టి డిస్కుని ఎన్ని ముక్కలు (పార్టిషన్లు) చేసినా వాడేవాళ్లకి కనిపించేది ఫోల్డర్లే. ఏ ఫోల్డరు ఏ ముక్కలో ఉండాలన్నది మనం ముందే తేల్చుకోవాలి.

దానికి నేను అడిగే ప్రశ్న ఒకటే. ఈ డిస్కు రేపు పొద్దున పోతే ఇందులో మళ్లీ తెచ్చుకోగలిగేది ఏది, తెచ్చుకోలేనిది ఏది? లినక్స్, లిబ్రే ఆఫీస్, వీఎల్‌సీ, బ్రౌజరు, ఇవన్నీ ఓ పూటలో మళ్లీ ఎక్కుతాయి. పాప అన్నప్రాశన ఫొటోలు, షాపు లెక్కలు, పట్టా స్కాన్లు, ఒడియాలోనూ తెలుగులోనూ టైపు చేసి పెట్టుకున్న ఫైళ్లు ఎక్కడా డౌన్‌లోడ్ కావు. మొదటి రకం ఒక ముక్కలో, రెండో రకం ఇంకో ముక్కలో. బూట్‌కి కావలసిన చిన్న ముక్క తప్ప, మామూలు ఇంటి సిస్టమ్‌కి ఇంతకంటే ముక్కలు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చెప్పేదానికీ నేను చెప్పేదానికీ చిన్న తేడా ఉంది. పాత పద్ధతిలో రూట్ వేరు, హోమ్ (మన ఫైళ్లు ఉండే ఫోల్డరు) వేరు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) వేరు అని మూడు చేస్తారు. హోమ్ వేరుగా ఉంటే లినక్స్ మళ్లీ ఎక్కించినా మన ఫైళ్లు భద్రం అన్నది వాళ్ల ఉద్దేశం. అది నిజమే. కానీ హోమ్‌లో మన ఫైళ్లతో పాటు చుక్కతో మొదలయ్యే దాగి ఉన్న ఫోల్డర్లు బోలెడు ఉంటాయి. డెస్క్‌టాప్ సెట్టింగులు, బ్రౌజరు ప్రొఫైలు, యాప్‌ల గొడవలు అన్నీ అక్కడే. లినక్స్‌లో మింట్ అనే రకం తీసేసి ఫెడోరా అనే ఇంకో రకం ఎక్కించారనుకోండి, పాత హోమ్ అలాగే ఉంచితే కొత్త డెస్క్‌టాప్ ఆ పాత సెట్టింగులు చదివి వింతగా ప్రవర్తించవచ్చు. పైగా రూట్‌కి 30 జీబీ, హోమ్‌కి 200 జీబీ అని గీస్తే, ఆరు నెలలకి రూట్ నిండి అప్‌డేట్లు ఆగిపోతాయి, హోమ్‌లో మాత్రం సగం ఖాళీ. అందుకే హోమ్‌ని రూట్‌లోనే ఉంచుతాను, డేటాని వేరు చేస్తాను. హోమ్‌లోని పిక్చర్స్, డాక్యుమెంట్స్, వీడియోస్ ఫోల్డర్ల స్థానంలో డేటా ముక్కలోని ఫోల్డర్లకి లింకులు పెడితే వాడేవాళ్లకి తేడాయే తెలియదు.

ఫెడోరా వాడేవాళ్లకి ఈ చర్చ సగం అక్కర్లేదు. 2020లో వచ్చిన ఫెడోరా 33 నుంచి దాని వర్క్‌స్టేషన్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (ముక్కలో ఫైళ్లు సర్దే పద్ధతి) వస్తోంది. రూట్, హోమ్ రెండూ సబ్‌వాల్యూములుగా ఒకే ఖాళీని పంచుకుంటాయి. ఒకటి నిండి రెండోది ఎండిపోయే బాధ లేదు. ఉబుంటు, మింట్ రకాలు మామూలుగా ఎక్స్‌ట్4 అనే ఫైల్‌సిస్టమ్ తోనే వస్తాయి. ఇంటి సిస్టమ్‌కి ఎక్స్‌ట్4 చాలు, ఎవరికి తీసుకెళ్లి చూపించినా రిపేరు తెలుసు.

లెక్కలు

అంకెలు వేసుకునే ముందు ఒక సంగతి. డిస్కు కంపెనీవాళ్లు జీబీని వెయ్యితో లెక్కిస్తారు, విండోస్, ముక్కలు గీసే జీపార్టెడ్ యాప్ లాంటివి 1024తో లెక్కిస్తాయి. అందుకే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ 238గా, 500 జీబీ డిస్కు 465గా, 512ది 476గా, 2 టీబీది 1862గా కనిపిస్తుంది. దొంగ మాలు కాదు. కాగితం మీద ఈ రెండో అంకెతోనే మొదలుపెట్టండి, లేకపోతే చివర్లో కూడిక తేలదు. నేను కింద చెప్పేవన్నీ ఈ రెండో లెక్కే.

రూట్‌కి ఎంత? ఉబుంటు డెస్క్‌టాప్‌కి కనీసం 25 జీబీ కావాలంటారు. మింట్ కనీసం 20 అని చెప్పి, హాయిగా ఉండాలంటే 100 పెట్టుకోమంటుంది. ఆ 20, 25 అన్నవి సిస్టమ్ ఎక్కడానికి సరిపోతాయి, బతకడానికి చాలవు. రూట్‌ని తినేవి కళ్లకి కనపడవు. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనే ప్యాకేజీలుగా వచ్చే యాప్‌లు, పాత కెర్నెళ్లు (లినక్స్ గుండెకాయ లాంటి భాగాలు), లాగ్‌లు అన్నీ రూట్ కింద ఉన్న వార్ ఫోల్డరులోకి, దాని చుట్టుపక్కలకి చేరతాయి. డాకర్ (ప్రోగ్రాముల్ని డబ్బాల్లా విడివిడిగా నడిపే సాధనం) వాడే పిల్లలైతే దాని ఇమేజ్‌లు కూడా వార్‌లోకే పోతాయి. మింట్‌లో సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి చోటు మార్చకపోతే ఆ స్నాప్‌షాట్లూ రూట్‌లోనే. కాబట్టి బ్రౌజింగు, ఆఫీసు పని మాత్రమే చేసే పాత సిస్టమ్‌కి 40, మామూలు వాడకానికి 60 నుంచి 80, డాకర్, వర్చువల్ మెషీన్ల జోలికి వెళ్లే ఇంజినీరింగ్ విద్యార్థికి 100 పైనే అనుకోండి.

డేటాకి ఎంత అన్నది మీ పాత డిస్కు చెబుతుంది. ఇప్పుడున్న ఫొటోలు, వీడియోలు, ఫైళ్ల మొత్తం సైజు చూసి, రెట్టింపు వేసుకోండి. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకి రెట్టింపు చాలదు, వాళ్ల సంగతి విడిగా చెబుతాను.

స్వాప్ గురించి పాత పుస్తకాల్లో ర్యామ్‌కి రెట్టింపు అని ఉంటుంది. ఆ రోజులు పోయాయి. ఉబుంటు 17.04 నుంచి స్వాప్ ముక్క బదులు రూట్‌లోనే ఒక స్వాప్ ఫైలు పెడుతోంది, అది బాగానే పనిచేస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌కి 4 జీబీ స్వాప్ ఫైలు, 8 ఉన్నదానికి కూడా 4 ఇస్తే సరిపోతుంది. హైబర్నేట్ కావాలంటే మాత్రం వేరే లెక్క. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకోవాలి కాబట్టి ర్యామ్ అంత స్వాప్ ఉండాలి, దానికి స్వాప్ ఫైలు కంటే విడి ముక్క అయితే సెట్టింగు తేలిక. కరెంటు పోతే హైబర్నేట్ అయ్యేలా చేసి పెట్టమని మా దగ్గర చాలామంది అడుగుతారు. చాలా లినక్స్ రకాల్లో సెక్యూర్ బూట్ (నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటే హైబర్నేట్ పనిచేయదు. ముందు అది తేల్చుకుని తర్వాత ముక్క గీయండి.

గట్టు ఎక్కడ వెయ్యాలి

అసలు తిప్పలు సైజుల్లో రావు, వరసలో వస్తాయి. ఒక ముక్క కుడి అంచుని ఖాళీ జాగాలోకి జరపడం సులువు. ఎక్స్‌ట్4 అయితే సిస్టమ్ నడుస్తుండగానే పెరుగుతుంది. తగ్గించాలంటే దాన్ని అన్‌మౌంట్ చేయాలి, అంటే రూట్ అయితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కులో ఎక్కించకుండానే లినక్స్ నడిపేది) బూట్ చేసి చెయ్యాల్సిందే. ఎడమ అంచు కదపడం అంటే చేలో పంట ఉండగా గట్టు జరపడమే. లోపల ఉన్నదంతా మొదటి నుంచి చివరిదాకా కొత్త చోటికి కాపీ అవుతుంది. గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోయిందా, ఆ ముక్క గల్లంతే.

అందుకని నేను గీసే వరస ఇలా ఉంటుంది: ముందు బూట్‌కి కావలసిన చిన్న ముక్క, తర్వాత రూట్, దాని పక్కన కొంత ఏమీ గీయకుండా ఖాళీ, ఆ తర్వాత డేటా. రూట్ నిండినప్పుడు దాని కుడి అంచు ఆ ఖాళీలోకి పెరుగుతుంది, డేటాని ముట్టుకోనక్కర్లేదు. "ఖాళీగా వదిలేస్తే దండగ కదా?" అంటారు. దండగేమీ కాదు. ఆ 40, 50 జీబీని ఇప్పుడే డేటాలో కలిపేస్తే అందులోకి సినిమాలు చేరతాయి, తర్వాత వెనక్కి తీసుకోవాలంటే డేటా ఎడమ అంచే కదపాలి.

ఎల్‌వీఎమ్ (ముక్కల మీద ఇంకో పొర వేసి చోటు పంచే పద్ధతి) వాడితే ఈ వరస గొడవే ఉండదు. ముక్కలు డిస్కులో ఎక్కడున్నా ఖాళీని దేనికైనా కలపొచ్చు. అయితే ఇంట్లో వాడే మనిషికి ఇంకో పొర నేర్పించడం నాకు ఇష్టం లేదు. రేపు ఆ సిస్టమ్ పట్టుకుని టెక్కలిలో ఏ షాపుకో వెళ్తే వాళ్లకీ అర్థమయ్యేలా ఉండాలి. సర్వరు పెట్టుకునేవాళ్లయితే ఎల్‌వీఎమ్ తీసుకోండి, వార్‌ని కూడా వేరు చేయండి, లాగ్‌లు పొంగి సిస్టమ్ మొత్తం ఆగిపోకుండా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఎంచుకునేవాళ్లు దాన్ని పెంచడమే తప్ప తగ్గించడం కుదరదన్న లెక్కతో గీయండి.

బూట్ ముక్క

కొత్త సిస్టమ్‌లు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతితో బూట్ అవుతాయి, వాటి డిస్కులో ముక్కల పట్టిక జీపీటీ పద్ధతిలో ఉంటుంది. మామూలుగా 128 ముక్కల దాకా గీసుకోవచ్చు. వాటికి ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఈఎఫ్‌ఐ ముక్క ఒకటి తప్పనిసరి. డిస్కు మొత్తం తుడిచి కొత్తగా గీస్తుంటే దానికి 1 జీబీ ఇచ్చేయండి. విండోస్ ఉన్న సిస్టమ్‌లో అది తరచుగా 100 ఎంబీయే ఉంటుంది. ఉబుంటు, మింట్ లాంటివి అందులో చిన్న ఫైళ్లే పెడతాయి కాబట్టి సరిపోతుంది. కెర్నెల్‌ని కూడా అక్కడే పెట్టే పాప్ ఓఎస్ లాంటివాటికి అది చాలదు. ఉన్న ఈఎఫ్‌ఐ ముక్కని లినక్స్‌కి కూడా వాడుకోవచ్చు, ఫార్మాట్ టిక్కు మాత్రం తీసెయ్యండి. ఆ టిక్కు ఉంటే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి.

పాత బయోస్ సిస్టమ్‌లలో ఎంబీఆర్ అనే పాత పట్టిక ఉంటుంది. దానికి ప్రైమరీ ముక్కలు నాలుగే, డిస్కు కూడా 2 టీబీ దాటితే పై భాగం వాడుకోలేదు. అలాంటి సిస్టమ్‌లో 500 జీబీ డిస్కుంటే నేను ఎంబీఆర్‌నే ఉంచేస్తాను. జీపీటీ చేస్తే గ్రబ్ (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రాము) కోసం 1 ఎంబీ బయోస్ బూట్ ముక్క అదనంగా గీయాలి, కొన్ని పాత బోర్డులు జీపీటీ డిస్కు చూస్తే మొండికేస్తాయి కూడా.

లాప్‌టాప్ పోతే లోపలివి ఎవరూ చూడకూడదు అనుకుంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి. అప్పుడు బూట్‌కి విడిగా ఇంకో 1 జీబీ ముక్క పడుతుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే నా దగ్గరికి రావద్దు, ఎవరూ ఏమీ చేయలేరు.

మూడు సిస్టమ్‌లు

నాలుగు జీబీ ర్యామ్, 465 జీబీ తిరిగే డిస్కు, బయోస్ బోర్డు. ట్యూషన్ చెప్పే ఇంట్లోది. విండోస్ పూర్తిగా తీసేయమన్నారు. రూట్ 60, ఖాళీ 40, డేటా మిగిలిన 365. రూట్‌ని డిస్కు మొదట్లో పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. తిరిగే డిస్కులో మొదటి భాగం బయటి అంచున ఉంటుంది, అక్కడ చదవడం వేగం. ఎస్‌ఎస్‌డీలో ఈ తేడా లేదు.

రెండోది గుణుపురంలో చదివే ఇంజినీరింగ్ కుర్రాడి లాప్‌టాప్, 476 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ, విండోస్ 11 ఉండాలి. ముందు విండోస్ లోపలికెళ్లి మూడు పనులు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ బయట రాసుకోవడం, ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవుని కుదించడం. సీని లినక్స్ వైపు నుంచి కాకుండా విండోస్‌తోనే కుదించండి. సగానికి మించి తగ్గనంటే, కదలని ఫైళ్లేవో మధ్యలో కూర్చున్నాయన్నమాట. విండోస్ హైబర్నేషన్, పేజ్ ఫైలు కాసేపు ఆపి మళ్లీ ప్రయత్నించండి. సీ 200కి వచ్చాక విండోస్ చిన్న ముక్కలు పోను మిగిలిన 275లో వరసగా రూట్ 100, ఖాళీ 45, డేటా 130. రెండు వైపుల నుంచీ వాడాలి కాబట్టి ఈ డేటా మాత్రం విండోస్ ఫైల్‌సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్. లినక్స్ కెర్నెల్ 5.15 నుంచి దాన్ని చదివి రాసే డ్రైవరు లోపలే ఉంది. ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే మాత్రం విండోస్ ఆ ముక్కని సగం తెరిచినట్టు వదిలేస్తుంది, లినక్స్ అందులో రాయనంటుంది. ప్రోగ్రాముల కోడ్ రూట్‌లోని హోమ్‌లోనే ఉంచుకోమన్నాను, లినక్స్ అనుమతులు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో సరిగా నిలబడవు. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే కంగారు పడొద్దు. బయోస్‌లో స్టోరేజీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎమ్‌డీ మోడ్‌లో ఉండి ఉంటుంది. విండోస్‌ని సిద్ధం చేయకుండా ఆ మోడ్ మారిస్తే విండోస్ బూట్ కాదు, అది కాస్త తెలిసినవాళ్లతో చేయించుకోండి.

మా ఊళ్లో ప్రెస్సు నడిపేవాళ్లదీ ఇదే పద్ధతి. శుభలేఖ ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ఆకృతి, అన్నీ విండోస్‌వే. వాళ్లకి విండోస్ తీసేయమని చెప్పను. ఎవరి పొట్టకూటి పని ఎందులో ఉంటే అది ఉండాలి.

మూడోది ఫొటో స్టూడియో. 238 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1862 జీబీ తిరిగే డిస్కు. ఎస్‌ఎస్‌డీలో ఈఎఫ్‌ఐ 1, రూట్ 180, మిగతాది ఖాళీ. ఎడిటింగ్ నడుస్తున్న పెళ్లి రూట్‌లోని హోమ్‌లో, అయిపోయినవి పెద్ద డిస్కులో. పెద్ద డిస్కు మొత్తం ఒకే ఎక్స్‌ట్4 ముక్క. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఎక్స్‌ట్4 మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజరు (రూట్ ఫోల్డరు కాదు, సిస్టమ్ అడ్మిన్) కోసం పక్కన పెట్టేస్తుంది. 1862లో అది దాదాపు 93 జీబీ! సిస్టమ్ ఉన్న ముక్కలో ఆ ఏర్పాటు మంచిదే, వట్టి డేటా ముక్కలో దండగ. ట్యూన్‌2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో 1 శాతానికి తగ్గించాం.

ఆ స్టూడియో ఫైళ్లు కాపీ చేసేటప్పుడు కొన్ని ఎక్కలేదు, "ఫైలు పేరు మరీ పొడవు" అని ఎర్రరు. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ఇంటిపేర్లు, ఊళ్లు, ముహూర్తం అన్నీ తెలుగులో ఫోల్డరు పేరుగా పెట్టారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ 255 అక్షర సంకేతాలు ఒప్పుకుంటుంది, ఎక్స్‌ట్4 మాత్రం 255 బైట్లే. తెలుగైనా ఒడియా అయినా ఒక్కో సంకేతానికి 3 బైట్లు. గుణింతం, ఒత్తు కూడా విడిగా లెక్క. "శ్రీ" ఒక్కటే 12 బైట్లు. అంటే 85 సంకేతాలకే గది నిండిపోతుంది. కాపీ మొదలెట్టే ముందే పొడుగు పేర్లు కత్తిరించుకోండి.

పని మొదలెట్టేటప్పుడు

పార్టిషన్ వేరు చేస్తే బ్యాకప్ అయినట్టు కాదు. రెండు ముక్కలూ ఒకే డిస్కులో ఉన్నాయి, డిస్కు పోతే రెండూ పోతాయి. తెచ్చుకోలేని కుప్పని ముందు బయటి డిస్కుకి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోండి. ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంటే మరీ మంచిది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు గోడలే నిలవలేదు, అల్మారాలో డిస్కుల సంగతి చెప్పేదేముంది.

పాత డిస్కైతే దాని ఆరోగ్యం చూడండి. డిస్క్స్ అనే యాప్‌లో స్మార్ట్ వివరాలు ఉంటాయి. రీఎలొకేటెడ్ (పాడై పక్కన పెట్టిన) సెక్టార్ల అంకె సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే దాని మీద పార్టిషన్లు గీయడం మానేసి, కొత్త ఎస్‌ఎస్‌డీ కొనండి.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, జీపార్టెడ్ తెరిచి, కుడివైపు పైన ఏ డిస్కు ఎంచుకున్నారో రెండుసార్లు చూడండి. లినక్స్ డిస్కులకి పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు బూట్‌కీ బూట్‌కీ తారుమారు కావచ్చు, కాబట్టి సైజు చూసి గుర్తుపట్టండి. జీపార్టెడ్‌లో అప్లై నొక్కేదాకా ఏదీ జరగదు, అందాకా ఎన్నిసార్లైనా గీసి చెరిపేయొచ్చు. అప్లై నొక్కే ముందు లాప్‌టాప్ ఛార్జర్‌లో ఉండాలి, డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టరో యూపీఎస్సో ఉండాలి. మబ్బు పట్టిన సాయంత్రం ఈ పని నేను మొదలుపెట్టను. తర్వాత ఇన్‌స్టాలర్‌లో ఆటోమేటిక్ అన్నది వదిలి మాన్యువల్ ఎంచుకుని, రూట్ ముక్కకి స్లాష్, ఈఎఫ్‌ఐకి దాని చోటు చూపించండి. డేటా ముక్కని అప్పుడు ముట్టుకోనక్కర్లేదు.

సిస్టమ్ ఎక్కాక డేటా ముక్క ఎప్పుడూ ఒకే చోట మౌంట్ అయ్యేలా చేయాలి. ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలు చేత్తో రాయడం భయమైతే డిస్క్స్ యాప్‌లోనే ఎడిట్ మౌంట్ ఆప్షన్స్ ఉంది. ఎస్‌డీబీ లాంటి పేరు కాకుండా యూయూఐడీతో (ప్రతి ముక్కకీ ఉండే విడి గుర్తింపు సంఖ్య) గుర్తించేలా పెట్టండి. నోఫెయిల్ (nofail) అన్న మాట ఉండేలా చూడండి, లేకపోతే ఆ డిస్కు తగిలించని రోజు సిస్టమ్ బూట్ మధ్యలో ఆగి కూర్చుంటుంది. మౌంట్ చేసే చోటు ఎమ్‌ఎన్‌టీ (/mnt) ఫోల్డరు కింద పెట్టండి. ఉబుంటులో స్నాప్‌లుగా వచ్చే యాప్‌లు కొన్ని హోమ్ బయటి ఫోల్డర్లు చూడలేవు, లింకు పెట్టినా చూడలేవు. ఎమ్‌ఎన్‌టీ, మీడియా కింద ఉన్నవాటికైతే యాప్ అనుమతుల్లో స్విచ్చి ఉంటుంది. కొత్త ఎక్స్‌ట్4 ముక్కలో ఫైలు రాయనివ్వకపోతే అది రూట్ యూజరు పేరు మీద ఉందని అర్థం, అదే యాప్‌లో టేక్ ఓనర్‌షిప్ నొక్కితే మీ పేరు మీదికి వస్తుంది.

కొన్నాళ్లకి రూట్ నిండుతోందని సిస్టమ్ చెబుతుంది. అప్పుడు వెంటనే ఖాళీ మీద పడకండి. టెర్మినల్‌లో డీఎఫ్ -హెచ్ (df -h) ఇచ్చి ఎంత నిండిందో చూడండి, డిస్క్ యూసేజ్ ఎనలైజర్‌తో ఏది తింటోందో కనిపెట్టండి. చాలాసార్లు టైమ్‌షిఫ్ట్ పాత స్నాప్‌షాట్లో, వాడని ఫ్లాట్‌ప్యాక్‌లో బయటపడతాయి. అవి తీసినా చాలకపోతే రూట్ కుడి అంచుని ఖాళీలోకి జరపండి, ఒకేసారి మొత్తం కాకుండా 20 జీబీ మాత్రమే.